ఐరేని కుండలు దించే చోటు

మల్లాయిపల్లెలో ఎవరింట్లో పెళ్లి కుదిరినా, లగ్నం పెట్టే అయ్యగారి తర్వాత ఆ కబురు ముందుగా చేరేది కుమ్మరి శంకరవ్వకే. ముహూర్తం ఖాయమైన రెండు మూడు రోజుల్లో ఆ ఇంటివాళ్లెవరో ఒకరు వచ్చి, "అవ్వా, పున్నం వెళ్లినంక మా ఇంట్ల లగ్గం, ఐరేనికి వస్తం" అని చెప్పి పోతారు. అప్పుడు ఆ పెళ్లికుండల కోసం ఆమె భర్త ఓదెలు సారె ముందు కూర్చుంటాడు. రెండు పెద్ద కుండలు, రెండు చిన్నవి, వాటి మీదికి మూకుళ్లు. సారె తిప్పడం, చెక్కతో తట్టి కుండకు కడుపు తీయడం, ఆవంలో పేర్చి కాల్చడం వరకు అతని పని. కాలిన కుండ చల్లారిందంటే ఇక దాన్ని అతను ముట్టడు. అది శంకరవ్వది.

ఆమె ఈతపుల్ల కొస నమిలి కుంచె చేసుకుంటుంది. ముందు ఎర్రటి జాజు పూసి, ఆరాక సున్నంతో మెడ చుట్టూ చుక్కలు, కడుపు మీద జొన్నకంకులు, అడుగున అలలు గీస్తుంది. పెళ్లికి ముందురోజు ఆ ఇంటి ఆడవాళ్లు డప్పులతో, నెత్తి మీద ఉల్లెడ బట్ట పట్టించుకుని ఊరేగింపుగా వస్తారు. సారెకు పసుపు రాసి, శంకరవ్వకు రవికె బట్ట, బియ్యం, ఎండుకొబ్బరి కుడుక, బెల్లం పెట్టి కుండలు తీసుకుపోతారు. పెళ్లయ్యాక ఆ కుండల్లో పప్పులో విత్తనాలో పోసి ఏళ్ల తరబడి దాచుకుంటారు.

పదిహేనేళ్ల పిల్లగా శంకరవ్వ ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు, అత్త ఎర్రవ్వ ఆమెకు రెండు పనులు నేర్పింది. ఒకటి కుండల మీద గీయడం. రెండోది కుండలు దించడం. గీయడం చేతికి పట్టుబడే సరికి మూడేళ్లు పట్టింది. దించడం ఒక్క పూటలో వచ్చేసింది.

పటేళ్లకు, కోమట్లకు ఇంటి ముందున్న మట్టి గద్దె మీద పీట వేసి, పీట మీద నిలబెట్టి, అక్కడినుంచి ఎత్తి చేతికివ్వాలి. గొల్లలకు, గౌండ్లవాళ్లకు, సాలెవాళ్లకు పీట అక్కర్లేదు, గద్దె చాలు. చాకలి, మంగలి ఇళ్లకు వాకిట్లో. మాదిగవాడ వాళ్లకు వాకిలి దాటి అవతల, కుండలు కాల్చే ఆవం దగ్గర నేల మీద దించి, నాలుగడుగులు వెనక్కి జరగాలి. వాళ్లు వచ్చి వంగి ఎత్తుకుంటారు. వాళ్లు పెట్టే బియ్యం, రవికె బట్ట కూడా అక్కడే నేల మీద పెడతారు. వాళ్లు వెళ్లాక నీళ్లు చల్లి తీసుకోవాలి. వాళ్ల పేరు మీద సారెకు పసుపు కూడా ఎర్రవ్వే రాసేది.

ఇదంతా ఎవరూ కూర్చుని చెప్పిన పాఠం కాదు. "ఆడ కాదే పిల్లా, గీడ" అని ఒక్కసారి అత్త చూపించింది. అంతే. తర్వాత ఎవరు వస్తున్నారో డప్పు మలుపు తిరగగానే తెలిసిపోయేది, కాళ్లు వాటంతట అవే ఆ చోటికి నడిచేవి. విచిత్రమేమిటంటే, పటేళ్ల ఐరేనికైనా గౌండ్ల ఐరేనికైనా ఆ వాకిట్లో డప్పు కొట్టేది మాదిగ రాజయ్యే. తన వాడ పెళ్లి వచ్చేసరికి అదే రాజయ్య ఆవం దగ్గర ఆగేవాడు. ఆ విచిత్రం ముప్పై ఏళ్లు శంకరవ్వ కళ్లముందే జరిగింది. ఆమెకు ఒక్కసారీ విచిత్రంగా తోచలేదు.

ఎర్రవ్వ పోయింది. ఊళ్లోకి ఫంక్షన్‌హాల్ వచ్చింది. ఆ తర్వాత కరీంనగర్ నుంచి స్టీలు బిందెలకు రంగులేసి, అద్దాలు అతికించి అమ్మేవాళ్లు వచ్చారు. గొల్లలు మానేశారు, సాలెవాళ్లు మానేశారు. గత రెండేళ్లలో ఐరేని కోసమని ఆమె గడపలోకి డప్పు వచ్చింది మూడుసార్లు. ఎండాకాలం రంజన్లు, దీపావళికి దీపంతలు, ఎవరైనా చనిపోతే పట్టే కుండ, వాటితోనే ఇల్లు నడుస్తోంది.

ఆ మాఘమాసంలో ఆమె వాకిట్లో కూర్చుని కుండలు గీస్తోంది. పటేలు సుగుణమ్మ మనుమడి పెళ్లి ఫాల్గుణంలో ఉంది. సుగుణమ్మ ఇంటికొచ్చి చెప్పలేదు. బస్టాండు దగ్గర ఎదురుపడి, "మా మనుమనికి లగ్గం కుదిరింది శంకరవ్వా" అంది, అంతే. పని లేని రోజుల్లో అంతమాత్రమే పిలుపనిపించి శంకరవ్వ మొదలుపెట్టింది. మునుపెన్నడూ లేనంత సన్నగా గీస్తోంది.

"అక్కా! ఓ శంకరక్కా!"

ఆవం దగ్గర నిలబడి కొమురవ్వ పిలుస్తోంది. డప్పు రాజయ్య భార్య. నాట్ల కాలంలో శంకరవ్వదీ ఆమెదీ ఒకే మునుం, అంటే ఒకే వరస. మడిలో నడుం వంచి పక్కపక్కనే నాటు వేస్తూ, ముందు వరసలోవాళ్లను పాటల్లో తిట్టుకుంటూ ఎన్నో వానాకాలాలు గడిపారు.

"ఏందే కొమురీ, గంత దూరం నుంచి మొత్తుకుంటున్నవ్?"

"దూరం నేను పెట్టుకున్ననా ఏంది?" అని కొమురవ్వ నవ్వింది. "బిడ్డ రవళికి కుదిరిందక్కా. పిల్లగాడు కరెంటాఫీసుల చేస్తడు. లగ్గం వచ్చే బేస్తారం."

"నీ నోట్ల చక్కెర పొయ్య! ఐరేనికి ఎన్నడొస్తరు? బుధారమేనా?"

"బుధారం వస్తం. గదే మాట్లాడుదమని వచ్చిన. ఆవం కాడికి రామక్కా."

"మరేడికొస్తరు?"

"గద్దె కాడికి."

శంకరవ్వ చేతిలోని ఈతపుల్ల సున్నం గిన్నెలో పడింది. తీసుకుని తుడిచింది. మళ్లీ తుడిచింది.

"బిడ్డ వద్దన్నది అసలు," కొమురవ్వ చెబుతూ పోయింది. "'ఎందుకే అమ్మా కుండలు, స్టీలు బిందెలు తెప్పిస్త, ఫోన్ల నొక్కితె ఇంటికొస్తయి' అన్నది. నేనే మొండికేసిన. మన్ను కుండలే గావాలె, శంకరక్క గీసినయే గావాలె అన్న. గని మా అవ్వ ఎత్తుకున్నట్టు ఎత్తుకోను. నీకు యాదికున్నదో లేదో, నా లగ్గమప్పుడు ఎట్ల వాన పడ్డది!"

శంకరవ్వకు బాగా గుర్తుంది. ఆమె కాపురానికి వచ్చిన మూడో ఏడు. ఆమె తన చేత్తో పూర్తిగా గీసిన మొదటి ఐరేని అదే. కొమురవ్వ మేనబావ రాజయ్యనే చేసుకుంది, పుట్టిల్లూ అత్తిల్లూ ఒకే వాడ. తెల్లారి నుంచి ముసురు. ఆవం చుట్టూ మోకాటి లోతు బూడిద బురద. "పో, దించి రా" అని అత్త అంది. దించి వచ్చింది. కొమురవ్వ తల్లి లింగవ్వ కొత్త చీర కట్టుకుని ఉంది. బురదలో మోకాళ్ల మీద కూర్చుని, కుండలు జారకుండా పొట్టకు ఆనించుకుని లేచింది. శంకరవ్వ నాలుగడుగుల అవతల నిలబడి, తను గీసిన జొన్నకంకులు వానకు కరిగిపోతాయేమోనని కుండల వంకే చూసింది. మనిషి వంక చూడలేదు.

"గా చీర మరక పోనేలేదు," అంది కొమురవ్వ. "నా చేతికియ్యాలె నువ్వు. అందరికిచ్చినట్టు. ఇయ్యనంటె చెప్పు, కోపం లేదు. నా బిడ్డ ఫోన్ల నొక్కుతది."

"ఓదెలును అడిగి చెప్తనే."

"కుండలిచ్చేది నువ్వు. గాయన్ను అడిగేదేంది?" అని కొమురవ్వ చీర కొంగు దోపుకుంది. "సరే అడుగు. రెండ్రోజులు చూస్త."

అన్నం తింటుండగా శంకరవ్వ సంగతి చెప్పింది. ఓదెలు ముద్ద పట్టుకుని ఆగిపోయాడు.

"రాజిగాని పెండ్లామా? గద్దె కాడికా?"

"ఆయనకు అరవై ఏండ్లు. ఇంక రాజిగాడేంది?"

"మా నాయన గట్లనే పిలిచిండు, నేను గట్లనే పిలుస్త. సంగతి గది కాదు. గద్దె కాడికొస్తె సారె కాడికి రారా? సారె అంటె దేవుడే. రేపు పటేలమ్మ ఈ సంగతి విని రాకపాయె. అప్పుడేం తింటవ్, సున్నం తింటవా?"

"ఇప్పుడు పరమాన్నం తింటున్నం గదా!"

"నవ్వులాట కాదే. అమ్మ బతికుంటె ఒప్పుకునేదా?"

శంకరవ్వకు తెలుసు. ఒప్పుకునేది కాదు. అత్త చెడ్డ మనిషి కాదు. జ్వరమొచ్చిన కోడలికి రాత్రంతా తడిగుడ్డ వేసిన మనిషి. అయినా ఒప్పుకునేది కాదు. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇమిడాయో శంకరవ్వ ఎప్పుడూ ఆలోచించలేదు. ఇప్పుడు కంచం పక్కకు జరిపి అదే ఆలోచించింది.

మర్నాడు నీళ్ల రంజను ఇవ్వడానికి పటేలింటికి వెళ్లింది. ఊళ్లో మాటకు కాళ్లెక్కువ. సుగుణమ్మ అరుగు మీద చేట ముందు పెట్టుకుని చింతపండు గింజలు తీస్తోంది.

"విన్న శంకరవ్వా. మంచిదేనమ్మా. కాలం మారిపాయె. మా ఇంట్ల ఎవరికీ పట్టింపుల్లేవు. మా కోడలు పనిమనిషికి ఇంట్లున్న గిలాసలనే చాయ్ పోస్తది." గింజ ఒకటి తీసి పక్కన వేసింది. "గని ఐరేనంటె దేవునిది గద. గా గద్దె మీదనే మేము కుండలెత్తాలె. మా ఆడబిడ్డలు ఏమంటరో! నేనైతె ఏమన. నీ ఇష్టం."

"అట్లనే పటేలమ్మా," అని శంకరవ్వ రంజను ఇసుక మీద కుదురుగా పెట్టి వచ్చేసింది. నీ ఇష్టం అనే మాట ఇంత బరువుంటుందని దారిపొడుగునా అనిపించింది.

వద్దని చెప్పడమే మంచిదనుకుంది. కొమురవ్వ కోపం లేదంది కదా. వద్దనే మాట ఇంకొకరితో చెప్పి పంపితే బాగుండదు, స్వయంగా చెప్పాలి. ఆ సాయంత్రం పొద్దు ఉండగానే మాదిగవాడకు నడిచింది. ముప్పై రెండేళ్లలో ఆ వాడలోకి ఆమె వెళ్లడం అదే మొదలు. ఊళ్లో ఏ వీధి ఎటు పోతుందో చెప్పగల మనిషి, అక్కడ ఇల్లు ఎక్కడో అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

కొమురవ్వ ఇల్లు ఇందిరమ్మ ఇల్లు, కొత్తగా నీలం సున్నం వేశారు. ముందు గదిలో పెళ్లికూతురు రవళి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతోంది. మూలన మంచంలో లింగవ్వ, ముడుచుకుని, గుప్పెడు మనిషి.

"అవ్వా, ఎవరొచ్చిన్రో చూడు! కుమ్మరి శంకరక్క!" అని కొమురవ్వ హడావుడిగా చాప పరిచింది. శంకరవ్వ కూర్చుంది. మంచినీళ్లు ఇవ్వాలని కొమురవ్వకు తోచలేదు. అడగాలని శంకరవ్వకూ తోచలేదు. ఇద్దరి చేతులకూ ఆ అలవాటు లేదు.

"ఏమన్నడు ఓదెలు బావ?"

చెప్పబోతూ శంకరవ్వ తలెత్తింది. గోడకున్న అటక మీద, మూతికి చింకి గుడ్డ కట్టి, ఒక కుండ ఉంది. జాజు వెలిసి మట్టి రంగుకు తిరిగింది. మెడ చుట్టూ చుక్కల్లో సగం పోయాయి. కడుపు మీద జొన్నకంకులు మాత్రం ఉన్నాయి. వంకర కంకులు. ఒక కంకికి ఆకు అటువైపు పోవలసింది ఇటువైపు పోయింది. అప్పుడు చెయ్యి ఇంకా కుదరలేదు.

"గది నాదా?"

"మరెవరిది? కందిపప్పు పోస్త దాంట్ల. ఇల్లు మూడుసార్లు మారింది, అది మాత్రం పోలే. నా కోడి దాని మీద ఎన్నిసార్లు ఎగిరిందో!"

మూడేళ్ల కిందట సుగుణమ్మ మనుమరాలి పెళ్లయిన మర్నాడు ఫంక్షన్‌హాల్ వెనక, విస్తరాకుల కుప్పలో, తను గీసిన కుండ ఒకటి బోర్లా పడి ఉండడం శంకరవ్వ చూసింది. అప్పుడు ఎవరికీ చెప్పలేదు, ఓదెలుకు కూడా. పీట మీద నిలబెట్టి చేతికిచ్చిన కుండ అది.

మంచం మీదినుంచి లింగవ్వ పలికింది. "ఎందుకు బిడ్డా గీ లొల్లి. దీనికి పట్టుదల ఎక్కువ. నువ్వు ఆడనే దించు. మాకలవాటే."

ఆ ముసలామె గొంతులో నిష్ఠూరం లేదు. నిజంగానే శంకరవ్వను కాపాడాలని అంటోంది. అదే శంకరవ్వకు ఎక్కువ తగిలింది.

"బుధారం పొద్దు వాలకముందే రండ్రి," అంది, లేస్తూ. "గద్దె అలికి ఉంచుత."

ఓదెలు ఐదారు రోజులు మాట్లాడలేదు. సారె మాత్రం తిప్పాడు. ఆవం పేర్చాడు, కాల్చాడు. బుధవారం పొద్దున ఆమె గద్దెను పేడతో అలికి ముగ్గు వేస్తుంటే చూస్తూ కూర్చుని, "అంచుకు ముగ్గు సరిగ పడలే" అన్నాడు. 

సాయంత్రం డప్పు వినిపించింది. ముందు రాజయ్య. సొంత బిడ్డ ఐరేనికి తనే కొడుతున్నాడు. "ఊరందరి లగ్గాలకు కొట్టిన, నా బిడ్డకు బాండోళ్లను పెట్టుకుంటనా? నా చేతులు ఇరిగినయా?" అని పొద్దుటి నుంచీ అందరితో అంటున్నాడట. వెనక పదిహేను మంది ఆడవాళ్లు, నలుగురు పట్టుకున్న ఉల్లెడ కింద పసుపు చీరలో కొమురవ్వ. ఒక పక్క కర్ర పట్టుకుని లింగవ్వ. ఇంట్లో ఉండమంటే ఉండలేదట.

ఆవం దగ్గరికి రాగానే గుంపు ఆగింది. ఎవరూ ఆగమనలేదు. డప్పు కొడుతూనే రాజయ్య కాళ్లు అక్కడే ఆడాయి, ముందుకు రాలేదు.

"ఏమే, ఆడనే పాతుకుంటరా?" గద్దె దగ్గరినుంచి శంకరవ్వ కేకేసింది. "రండ్రి లోపలికి!"

"రమ్మంటున్నదే!" అని ఎవరో గుసగుసలాడారు. ఒకరినొకరు తోసుకుని నవ్వుకుంటూ, గద్దె చుట్టూ చేరారు. ఇంత దగ్గరినుంచి ఆ ఇంటి గోడలు చూడడం చాలామందికి మొదటిసారి. ఒకామె, "ఇంతేనా! ఏదో అనుకున్న" అంది. అందరూ ఫక్కున నవ్వారు. శంకరవ్వా నవ్వింది. నవ్వుతూనే అటూ ఇటూ చూసింది. పక్కింటి దర్వాజాల్లో, ఎదురింటి మిద్దె మీద జనం నిలబడి ఉన్నారు.

లోపలికి వెళ్లి మొదటి జత కుండలు ఎత్తుకుంది. పెద్ద దాని మీద చిన్నది, దాని మీద మూకుడు. గడప దాటి, మెట్టు దిగి, ఎదురుగా చేతులు చాచి నిలబడ్డ కొమురవ్వ ముఖం చూసింది. ఆ ముఖం చూడగానే నడుము వంగింది. కుండలు నేల మీద దించి, నాలుగడుగులు వెనక్కి జరిగింది.

జరిగాక తెలిసింది.

డప్పు ఆగిపోయింది. కొమురవ్వ చేతులు చాచినవి చాచినట్టే ఉన్నాయి. మిద్దె మీద ఎవరో గట్టిగా గొంతు సవరించుకున్నారు.

ఇవ్వబోయిన మనిషి నేలకు దించాక మళ్లీ ఐరేని ముట్టకూడదు. ఇచ్చింది వెనక్కి తీసుకున్నట్టవుతుంది, ఆ పెళ్లికి మంచిది కాదంటారు. అక్కడున్న అందరికీ అది తెలుసు. వంగి ఎత్తుకోవడం ఒక్కటే మిగిలింది.

"నేనెత్తుత తియ్యుండ్రి," అని లింగవ్వ కర్ర పక్కన పారేసి ముందుకొచ్చింది. మోకాళ్లు వంచబోయింది. కొమురవ్వ ఆమె రెట్ట పట్టుకుంది.

"వంగకే అవ్వా."

అరిచి అనలేదు. మెల్లగానే అంది. శంకరవ్వ కేసి కూడా చూడలేదు. తిట్టి ఉంటే శంకరవ్వకు తేలికయ్యేది.

"గవి ఐరేని కాదు," అంది శంకరవ్వ.  "గవి ఉత్త కుండలు. ఐరేని లోపల ఉన్నది."

లోపలికి పోయింది. మూలన చీర కప్పి పెట్టిన జత మీదినుంచి చీర లాగింది. నెల్లాళ్లు కూర్చుని సన్నగా గీసిన కుండలు. ఓదెలు గుమ్మానికి అడ్డం వచ్చాడు.

"గవి పటేలోళ్లయి గదనే!"

"గీసింది నేనే గదా. జరుగు."

ఓదెలు జరిగాడు.

ఈసారి ఆమె నేల చూడలేదు, కొమురవ్వ ముఖం కూడా చూడలేదు. చేతులొక్కటే చూసింది. నాటువేసి వేసి వేళ్ల సందుల్లో ఒరుసుకుపోయిన చేతులు. తన చేతుల్లాంటివే. కుండల అడుగు ఆ చేతులకు తగిలింది. బరువు వాటిలోకి పూర్తిగా పోయేవరకు వదల్లేదు. కుండ కింద ఇద్దరి వేళ్లు ఒకదానికొకటి ఒత్తుకున్నాయి.

"జెర వదులక్కా," అంది కొమురవ్వ. "నాకిస్తున్నవా, నువ్వే ఎత్తుకపోతవా?"

ఆడవాళ్లు నవ్వారు. కొమురవ్వ కళ్లు మాత్రం నిండి ఉన్నాయి. రెండో జత లింగవ్వకే ఇవ్వమంది. ఇద్దరు చెరోవైపు ఆసరా పట్టారు.

కొమురవ్వ రవికె బట్ట, బియ్యం, కుడుక చేతికే ఇచ్చింది. శంకరవ్వ చేత్తోనే తీసుకుని కొంగులో పోసుకుంది. ఇక కదలబోతుంటే వెనకనుంచి ఓదెలు దగ్గాడు.

"ఏడికి పోతున్నరు? సారెకు పసుపు పెట్టకుంటె ఐరేని లెక్కలకు వస్తదా?"

అందరూ అతని వంక చూశారు. శంకరవ్వ అందరికంటే ఎక్కువ చూసింది.

"ఏంది చూస్తరు? చేస్తె మంచిగ చెయ్యాలె, లేకుంటె లేదు. సగం సగం పని నాకు నచ్చది," అని అతను చిరాగ్గా సారె మీది తడిబట్ట తీసేశాడు. "రాజిగా... రాజయ్యా, నువ్వు డప్పెందుకు ఆపినవ్? కొట్టు!"

రాజయ్య కొట్టాడు. కొమురవ్వ సారె చుట్టూ పసుపు రాసింది. ఎంత రాయాలో తెలియక గిన్నెలోని పసుపంతా రాసేసింది. వారం రోజులపాటు ఓదెలు చేసిన రంజన్లన్నిటికీ పచ్చటి మచ్చలు పడ్డాయి. కడుక్కోలేక కొమురవ్వను తిట్టుకున్నాడు.

నేల మీద దించిన జత అక్కడే ఉండిపోయింది. మర్నాడు శంకరవ్వ వాటిలో ఒకదాన్ని కోళ్లకు నీళ్లు పోసే కుండ చేసింది, రెండోదాంట్లో ఉప్పు పోసుకుంది.

ఓదెలు మళ్లీ కుండలు చేశాడు, శంకరవ్వ మళ్లీ గీసింది. ఫాల్గుణం వచ్చింది. పటేలింటి పెళ్లి ముందురోజు పొద్దుటి నుంచీ గద్దె అలికి కూర్చున్నారు. మధ్యాహ్నం పటేలింటి ముందు కారు ఆగింది. డిక్కీలోంచి అద్దాలు అతికించిన స్టీలు బిందెలు నాలుగు దించారు. అవి నెల కిందటే కరీంనగర్‌లో కొన్నవని, సుగుణమ్మ కోడలే ఎంచి బేరమాడిందని తర్వాత తెలిసింది. అంటే కొమురవ్వ ఇంకా అడగనే లేదు అప్పటికి.

"చూసినవా?" అన్నాడు ఓదెలు.

"చూసిన."

"మరి పటేలమ్మ గద్దె మాటెందుకన్నది?"

"రానోళ్లకు ఏదో ఒక సాకు గావాలె గదా!"

ఆమెకు కోపం కంటే నిద్ర ముంచుకొచ్చేంత అలసట కలిగింది. ఎవరు వెళ్లిపోతారోనని భయపడ్డదో, వాళ్లు ఎప్పుడో వెళ్లిపోయారు. తను ఆ ఖాళీ గద్దెకు కాపలా కాసింది.

చైత్రంలో మాదిగవాడ నుంచి ఇంకో పెళ్లి పిలుపు వచ్చింది. ఈసారి వాళ్లు ఆవం దగ్గర ఆగలేదు, నేరుగా గద్దె దగ్గరికే వచ్చారు. శంకరవ్వ కుండలు ఎత్తుకుని గడప దాటింది. పెళ్లికొడుకు తల్లి ముఖం కనబడగానే నడుములో మళ్లీ అదే కదలిక. ముప్పై రెండేళ్లు వంగిన నడుము. బలంగా పళ్లు బిగించి నిలబడి, ఎలాగో చేతికిచ్చింది. వాళ్లు వెళ్లాక చెమట తుడుచుకుంటూ చాలాసేపు మెట్టు మీదే కూర్చుండిపోయింది. మనసు ఒప్పుకుందని శరీరం ఒప్పుకోదా? ఒకటి మరచిపోవడానికి ఎన్నేళ్లు పడుతుంది?

వైశాఖంలో గౌండ్ల ఇంటి ఐరేని వచ్చింది, చాలాకాలానికి. అప్పుడు శంకరవ్వ ముందే కుండలన్నీ తెచ్చి గద్దె మీద పేర్చుకుని, వాటి నడుమ కాళ్లు మడిచి కూర్చుంది. పెళ్లివాళ్లు వచ్చినా లేవలేదు. ఒడిలో కుండ పెట్టుకుని, రెండు చేతులా పైకెత్తి, వచ్చినామె చేతుల్లో పెట్టింది.

"ఏమే, కూసుని ఇస్తున్నవేంది? గిదెప్పటి ఆచారం?" అన్నాడు ఓదెలు, వాళ్లు వెళ్లాక.

"కూసుంటె నేల అందది," అంది ఆమె.

ఓదెలుకు అర్థమైందో లేదో తెలియదు. కాని తర్వాతి పెళ్లికి, ఆమె అడగకుండానే, గద్దె మీద గోనెపట్టా ఒకటి మడతేసి పరిచాడు. ఆ తర్వాత ఏ వాడవాళ్లు వచ్చినా ఆమె అలాగే కూర్చుని ఇస్తోంది. బయటి ఊరినుంచి కొత్తగా కాపురానికొచ్చిన ఒక కోడలు పోయినసారి ఊరేగింపులో వచ్చి, పక్కనున్నామెను అడిగింది: "మీ ఊర్లె ఐరేని కూసునే ఇస్తరా?"

"ఔ," అంది పక్కామె. "మా కాడ గట్లనే."